మత్తుకు ముందు ఊపిరి నిల్వ

అందరికీ నమస్కారం. ఆపరేషన్ అంటే కోతకే భయపడతాం. మత్తు డాక్టరుకు మాత్రం కోతకు ముందరి నిమిషాలే గండం. కండరాలు సడలించే మందు నరంలోకి పోయిందంటే ఊపిరి ఆగుతుంది. గొంతులో గొట్టం వేసి మెషీన్‌కు తగిలించేదాకా ఒంట్లో ఉన్న ఆక్సిజనే దిక్కు. పడుకున్న మనిషికి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్లు కావాలి. మామూలుగా ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో రెండు లీటర్లకు పైగా గాలి మిగులుతుంది కానీ, అందులో ఎక్కువ నైట్రోజనే. ఒకటి రెండు నిమిషాలకే, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే వేలి క్లిప్పు అంకె జారడం మొదలవుతుంది.

అందుకే 3 నిమిషాలు మాస్క్‌తో వట్టి ఆక్సిజన్ పీల్పిస్తారు. నైట్రోజన్ పోయి ఆ చోటు ఆక్సిజన్‌తో నిండుతుంది. ఆరోగ్యవంతుడికి అంకె 90కి దిగడానికి 8 నిమిషాల దాకా పట్టవచ్చు. బాగా లావుగా ఉన్నవాళ్లకు మూడు నిమిషాలు కూడా దక్కకపోవచ్చు. వెల్లకిలా పడుకోగానే బొజ్జ డయాఫ్రమ్‌ను, అంటే ఊపిరితిత్తుల కింది కండరాన్ని, పైకి నెడుతుంది, నిల్వకు చోటు తగ్గుతుంది. తలవైపు 25 డిగ్రీలు ఎత్తితే కొంత తిరిగొస్తుంది.

మాస్క్ మొహానికి అతుక్కోవాలి. పేషెంటుకు ఉక్కగా ఉందని అంగుళం ఎత్తి పట్టుకుంటే గది గాలి కలుస్తుంది, ఆ మూడు నిమిషాలూ దండగ. ఊపిరికి తగ్గట్టు మాస్క్‌కు తగిలించిన గాలి బ్యాగ్ కదలకపోతే ఎక్కడో లీకున్నట్టే. వదిలే గాలిలో ఆక్సిజన్ 90 శాతానికి చేరితే నిల్వ నిండినట్టు. గుబురు గడ్డం దగ్గరే ఎక్కువ లీకు. మొక్కు గడ్డమైతే ముందే చెప్పండి.

రోజూ వరంగల్ భద్రకాళి బండ్ మీద నడుస్తాం, మాకు ఈ నిల్వ ఎక్కువుంటుందా అని అడుగుతారు. పొట్ట తగ్గితే ఉంటుంది, వట్టి నడకతో పెద్దగా పెరగదు. నడక ఫలం ఆపరేషన్ తర్వాత తెలుస్తుంది. పెద్ద కోత పడ్డాక కొన్ని రోజులు ఒంటికి ఆక్సిజన్ అవసరం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, ఆ బరువు గుండె మోయాలి. ఆగకుండా రెండంతస్తులు ఎక్కగలరా? ఆయాసంతో మధ్యలో ఆగితే, ఛాతీ పట్టేస్తే, ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పండి.

మోకాలు, హెర్నియా లాంటి వాయిదా వేయగలిగిన ఆపరేషన్లైతే ముందరి 4 నుంచి 6 వారాలు నడకకు వాడుకోండి. వారానికి ఐదు రోజులు, అరగంట, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. మోకాలు సహకరించకపోతే కుర్చీలో కూర్చొని లేవడం, చేతులతో వ్యాయామం. క్యాన్సర్ ఆపరేషన్‌ను మాత్రం దీనికోసం వెనక్కి జరపొద్దు.

బీడీ, సిగరెట్ ఇవాళే ఆపండి. నాలుగు వారాలు ముందైతే ఊపిరితిత్తులకు మంచిది. ఒక్కరోజు ముందైనా రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ దిగి ఆక్సిజన్‌కు చోటు దొరుకుతుంది. రక్తహీనత ఉంటే ముందే పరీక్ష చేయించండి: రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబినే, ఒక గ్రాము మోసేది 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజనే. నల్ల మెహందీ, ముదురు నెయిల్ పాలిష్ ఉంటే క్లిప్పు అంకె తప్పు చూపొచ్చు. రెండు వేళ్లైనా ఖాళీగా ఉంచుకొని రండి.