బంగారు చుక్క కింద మొలిచే తీగ: నానోవైర్లు ఎలా పెంచుతారు?

నమస్కారం అండీ. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ మల్లేశ్వరంలో మా పక్క గదిలో ఉండే తెలుగు జూనియర్లు నన్ను తరచుగా అడుగుతుంటారు: "అక్కా, నానోవైర్‌ని పెంచడం అంటారేంటి, అదేమన్నా మొక్కా?" నానోవైర్ అంటే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని తీగ. అది నిజంగానే పెరుగుతుంది. ఎలాగో చూద్దాం.

పటికబెల్లం గుర్తు తెచ్చుకోండి. చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే, పాకం ఇక పట్టలేని పంచదార దారం మీద పలుకులుగా పేరుకుంటుంది. మన పాకం కరిగిన బంగారం, మన పంచదార సిలికాన్.

స్క్రీన్ మీద ఉన్నది సిలికాన్ వేఫర్, అంటే సిలికాన్ స్ఫటికం నుంచి కోసిన పలుచని బిళ్ల. దాని మీద 50 నానోమీటర్ల బంగారు రేణువులు చల్లాం. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండవు. బంగారం 1064 డిగ్రీల దగ్గర, సిలికాన్ 1414 దగ్గర కరుగుతాయి. రెండూ తగుపాళ్లలో కలిస్తే మాత్రం 363 డిగ్రీలకే ద్రవం అయిపోతాయి. టంకం కూడా ఇంతే కదా, తగరం కంటే, సీసం కంటే తక్కువ వేడికే కరుగుతుంది.

ఇప్పుడు ఫర్నేస్‌ని 500 డిగ్రీల దగ్గర ఉంచుతాం. బంగారు రేణువు సిలికాన్‌తో కలిసి ద్రవపు చుక్క అవుతుంది. దాని మీదకి సైలేన్ గ్యాస్ (సిలికాన్, హైడ్రోజన్ కలిసినది) వదులుతాం. చుక్కని తాకిన చోట గ్యాస్ విడిపోతుంది. హైడ్రోజన్ వెళ్లిపోతుంది, సిలికాన్ చుక్కలో కరుగుతుంది. చుక్క నిండాక మిగిలిన సిలికాన్ అడుగున వేఫర్ స్ఫటికం మీదే పొరగా కూర్చుంటుంది. పొర మీద పొర పడేకొద్దీ చుక్క పైకి లేస్తుంది, కింద తీగ పొడవవుతుంది. చుక్క ఎంత లావో తీగ దాదాపు అంతే లావు. 1964లో బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ ఈ పద్ధతిని వివరించారు. ఒక్క చుక్క ఇంత పని చేస్తుందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

జాగ్రత్త, సైలేన్‌కి గాలి తగిలితే దానంతట అదే అంటుకుంటుంది. శిక్షణ లేకుండా ఆ వాల్వ్ ముట్టుకోవద్దు.

ఇంకో మాట. మొదట్లో నేను వేఫర్ మీది ఆక్సైడ్ పొరని (గాలి తగిలి సిలికాన్ మీద పట్టి, స్ఫటికాన్ని కప్పేసే పొర) యాసిడ్‌తో తీసేసి, ఫర్నేస్ ఖాళీ లేదని మర్నాటి దాకా బయటే ఉంచాను. ఆక్సైడ్ మళ్లీ పట్టేసింది. నిటారుగా రావాల్సిన తీగలు చిక్కుపడ్డ జుట్టులా వచ్చాయి. శుభ్రం చేసిన వెంటనే లోపల పెట్టండి.

ఇంత కష్టం ఎందుకంటే, తీగలు దూరదూరంగా ఉన్నా వెలుగుని లోపలికి లాక్కుంటాయి. 2013లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ బృందం ఇండియం ఫాస్ఫైడ్ (సిలికాన్ లాంటి మరో సెమీకండక్టర్) తీగలతో 13.8 శాతం సామర్థ్యం ఉన్న సోలార్ సెల్ చేసింది. ఆ తీగలు కప్పింది ఉపరితలంలో 12 శాతమే!

కాంతి పుట్టించడానికి సిలికాన్ కంటే గాలియం ఆర్సెనైడ్ అనే ఇంకో సెమీకండక్టర్ మేలు. సిలికాన్‌తో దాని అణువుల ఎడం నాలుగు శాతం తేడా. పలుచని పొరగా వేస్తే స్ఫటికంలో లోపాలు వస్తాయి. సన్నని తీగ అయితే పక్కలకి సర్దుకుంటుంది. కాకపోతే దాని ఉపరితలం దగ్గర ఎలక్ట్రాన్లు వెలుగు ఇవ్వకుండానే వృథా అవుతాయి. అందుకే చుట్టూ అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ తొడుగు వేస్తారు.

బంగారంతోనూ ఒక చిక్కుంది. సిలికాన్‌లోకి కొంచెం చేరినా ఎలక్ట్రాన్లని పట్టి ఆపేస్తుంది. గాలియం ఆర్సెనైడ్‌కి ఆ బాధ లేదు, గాలియం చుక్కే బంగారం పని చేస్తుంది. అలా పెంచిన తీగలని వచ్చే వీడియోలో మైక్రోస్కోప్ కింద చూపిస్తాను.