పెరటి తోట కిట్ కొనాలా? మా సిరొంచ ఎండలో నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఉగాది దగ్గర పడితే చాలు, ఫోన్ తెరవగానే "ఇంట్లోనే కూరగాయలు" అంటూ కిట్ల ప్రకటనలే. అలాంటిదే ఒకటి తెప్పించాను. కంపెనీ పేరు చెప్పను, నేను చూసిన మిగతా కిట్లలో కూడా దాదాపు ఇదే సరుకు. ముందే చెప్పేస్తున్నా, పెరడు ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు.

పెట్టెలో విత్తనాల ప్యాకెట్లు, నాలుగు గ్రో బ్యాగులు, ఒక కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఇటుక, చిన్న సీసాలో వేపనూనె ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఇప్పుడు ప్యాకెట్లు చూడండి. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి... సగం చలికాలం పంటలే! మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత, గోదావరి కలిసేది మా దగ్గరే అయినా ఎండ ఏమాత్రం జాలి చూపదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ కాలీఫ్లవర్ పువ్వు కడుతుందా?

"దాచిపెట్టి అక్టోబరులో వేసుకోవచ్చు కదా అన్నా" అని అడిగేవాళ్లు ఉంటారు. లేబుల్ దగ్గరగా చూపిస్తున్నా. మొలక పరీక్ష తేదీ, గడువు తేదీ రెండూ ఉన్నాయి. మన విత్తన నిబంధనల ప్రకారం మొదటి గడువు పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. ఈ క్యాబేజీ గడువు ఆగస్టులోనే అయిపోతోంది. గడువు దాటగానే గింజ చచ్చిపోదు కానీ, ఎంత శాతం మొలుస్తుందో ఇక ఎవరి పూచీ ఉండదు.

పనికొచ్చేవి బెండ, బీర, సొర, కాకర, తోటకూర. టమాట కూడా ఉంది కానీ ఇప్పుడు వద్దు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత రాలిపోతుంది. మనం తినే గోకరకాయ, పుంటికూర మాత్రం పెట్టెలో లేవు, చూశారా?

బెండ గింజలు పది తడిగుడ్డలో కట్టి చూశాను. ఎనిమిది మొలిచాయి. బెండకు కనీస మొలక ప్రమాణం 65 శాతం కాబట్టి ఇక్కడ కిట్ పాస్. నాకు కోపం తెప్పించింది వేరే విషయం. ప్యాకెట్ మీద రకం పేరు లేదు! ఎండాకాలం బెండకు తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు పెద్ద బెడద. ఆకుల ఈనెలు పసుపెక్కుతాయి, కాయలు తెల్లబారతాయి. పర్భణీ క్రాంతి, అర్క అనామిక లాంటి రకాలు ఆ తెగులును తట్టుకోవడానికే తయారుచేసినవి. మొదటిది మన పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయానిదే. కృషి కేంద్రానికి, అంటే విత్తనాల దుకాణానికి వెళ్లి రకం పేరు చెప్పి అడగండి. గింజలు రాత్రంతా నానబెట్టి, మొక్కకూ మొక్కకూ అడుగు దూరంలో పెట్టండి.

కోకోపీట్, బ్యాగులు డాబా మీద పెంచేవాళ్లకు సరే. నేల ఉన్నవాళ్లకు బాగా మాగిన పశువుల ఎరువు, మొదళ్ల చుట్టూ పరవడానికి వరిగడ్డి చాలు. నల్లరేగడి అయితే గడ్డి తప్పనిసరి, లేకపోతే నేల నెర్రెలు విచ్చుతుంది. వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. తెల్లదోమ తగ్గుతుంది. పల్లాకు వచ్చేసిన మొక్కను మాత్రం పీకేయాల్సిందే.

ఇక కిట్‌తో వచ్చిన ఈ కాగితం. తీగల పూలన్నిటికీ పొద్దున్నే చేత్తో పుప్పొడి అంటించమని రాశారు. కాకరకు అది సరే. బీర, సొర పూలు విచ్చేది సాయంత్రం! అప్పుడే మగ పువ్వు తెంపి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఈ కాగితాన్ని నమ్మితే పిందెలు పసుపెక్కి రాలిపోతాయి, మీరేమో నీళ్లు చాలలేదేమో అని రోజూ రెండు బిందెలు ఎక్కువ పోస్తుంటారు.