మెక్‌కార్తీ వేషం ఎవరూ వెయ్యలేదు ఈ సినిమాలో

నమస్తే అండి అందరికీ. ఈరోజు 2005లో జార్జ్ క్లూనీ తీసిన గుడ్ నైట్ అండ్ గుడ్ లక్ గురించి మాట్లాడుకుందాం. బ్లాక్ అండ్ వైట్ అని చూసి చాలామంది దాటేస్తారు, దాటేయొద్దండి, గంటన్నరే సినిమా.

1950 ఫిబ్రవరిలో జోసెఫ్ మెక్‌కార్తీ అని ఒక అమెరికా సెనేటరు మీటింగులో మైకు పట్టుకుని, విదేశాంగ శాఖలో కమ్యూనిస్టులున్నారు, లిస్టు నా దగ్గరుంది అన్నాడు. పేపర్లో 205 మంది అని వచ్చింది, తర్వాత ఆయనే 57 అన్నాడు, ఇలా అంకె మారుతూనే ఉంది గానీ భయం మాత్రం దేశమంతా పాకింది, ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి.

అప్పట్లో సీబీఎస్ అనే అమెరికా టీవీ ఛానెల్లో జర్నలిస్టు ఎడ్వర్డ్ మర్రో, ఆయన ప్రొడ్యూసర్ ఫ్రెడ్ ఫ్రెండ్లీ కలిసి సీ ఇట్ నౌ అని ప్రోగ్రాం చేసేవాళ్లు, సినిమా వీళ్ల కథే. వాళ్లు నేరుగా మెక్‌కార్తీ మీదకి వెళ్లలేదు, ముందు 1953 అక్టోబర్లో మైలో ర్యాడులోవిచ్ అనే ఎయిర్‌ఫోర్స్ రిజర్వ్ లెఫ్టినెంట్ కథ చెప్పారు, ఆయన్ని తీసేయాలని చూస్తున్నారు అప్పుడు. ఆయన మీద ఆరోపణ ఏంటో తెలుసా, వాళ్ల నాన్న, సోదరి కమ్యూనిస్టు సానుభూతిపరులట, అంతే, ఆయన చేసిన తప్పంటూ ఏమీ లేదు! ఇక సాక్ష్యం సీలు వేసిన కవర్లో ఉంది, దాన్ని ఆయనకీ చూపించరు, ఆయన లాయరుకీ చూపించరు. మరి దేనికని జవాబు చెప్పుకోవాలి ఆ మనిషి? నాకైతే ఇది చూస్తున్నప్పుడు ఒళ్లు మండిపోయింది. ప్రోగ్రాం వచ్చిన నెల రోజులకి ఎయిర్‌ఫోర్స్ ఆయన్ని ఉంచేస్తామని ప్రకటించింది.

తర్వాత 1954 మార్చి 9న మెక్‌కార్తీ మీదే ఎపిసోడ్. దానికి పేపర్ యాడ్ వెయ్యడానికి సీబీఎస్ డబ్బులివ్వలేదు, ఛానెల్ లోగో కూడా వాడొద్దంది, మర్రో, ఫ్రెండ్లీ సొంత జేబులోంచి పెట్టుకున్నారు. ఎపిసోడ్‌లో ఎక్కువభాగం మెక్‌కార్తీ సొంత స్పీచుల క్లిప్పులే, ఆయన మాటల్నే ఆయన ముందు పెట్టారు. క్లూనీ కూడా అదే పని చేశాడు చూడండి, మెక్‌కార్తీకి నటుణ్ణి పెట్టకుండా అసలు ఫుటేజే వాడాడు, దాంతో సినిమా వాళ్లు విలన్‌గా చూపించారు అనడానికి వీల్లేకుండా పోయింది. మర్రోగా డేవిడ్ స్ట్రాథెర్న్ కూడా అద్భుతం, గొంతు పెంచడు, కానీ లోపల టెన్షన్ మనకి తెలిసిపోతుంది.

ఒక కంప్లైంట్ ఉంది. సినిమా చూస్తే మర్రో ఒక్కడే ఎదురు నిలబడ్డట్టు అనిపిస్తుంది, అది కరెక్ట్ కాదు. 1950లోనే హెర్బ్‌లాక్ అనే కార్టూనిస్టు మెక్‌కార్తీని పేపర్లో ఏకేశాడు, ఇక 1954లో ఆర్మీతో గొడవ మీద జరిగిన విచారణలు టీవీలో లైవ్‌గా రావడం వల్లే ఆయన పరువు ఎక్కువగా పోయింది. డిసెంబర్లో సెనేట్ 67-22 ఓట్లతో ఆయన్ని తప్పుపడుతూ తీర్మానం చేసింది. మర్రో మాత్రం ఏం లాభపడ్డాడు, ఆ ప్రోగ్రాంకే తర్వాత స్పాన్సర్ వెళ్లిపోయాడు, ప్రతివారం వచ్చే స్లాట్ పోయింది.

సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి, పేర్లు గబగబా వచ్చేస్తాయి. కమ్యూనిస్టని ఆరోపణ వచ్చిన ఆర్మీ ఉద్యోగిని యానీ లీ మాస్ విచారణ క్లిప్ అస్సలు మిస్సవ్వకండి, మెక్‌కార్తీ మధ్యలోనే లేచి వెళ్లిపోతాడు, కెమెరా ఆ ఖాళీ కుర్చీని కూడా చూపిస్తుంది, అదంతా నిజం ఫుటేజే.