గ్లూటెన్ లేని చెక్స్ మిక్స్ ఇంట్లో చేస్తే ఎలా ఉంది? ఓవెన్, మైక్రోవేవ్, మన కరివేపాకు: మూడు రకాల రివ్యూ

నమస్తే అండీ. ఇదిగో, ఈ మూడు గిన్నెల్లో ఉన్నది చెక్స్ మిక్స్. అమెరికాలో ఉన్నవాళ్లకి పరిచయం అక్కర్లేదు. నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ మొదలుకుని కొత్త సంవత్సరం దాకా ఏ ఆఫీసు పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకి వెళ్లినా, ఏ పొరుగింటికి వెళ్లినా బల్ల మీద ఇది కనిపిస్తుంది. ఇండియాలో చూస్తున్నవాళ్ల కోసం చెప్తాను: మనకి దీపావళి మిక్చర్ ఎలాగో, వీళ్లకి క్రిస్మస్‌కి ఇది అలాగ. గళ్లు గళ్లుగా అల్లినట్టుండే, పొద్దున్నే పాలల్లో వేసుకుని తినే చెక్స్ అనే సీరియల్, పప్పులు, ప్రెట్జెల్స్ అనే ఉప్పటి గోధుమపిండి బిస్కెట్లు కలిపి, వెన్న సాస్ పట్టించి, ఓవెన్‌లో నెమ్మదిగా ఎండబెడతారు. నూనెలో వేయించే పని లేదు. 1950ల్లో ఆ కంపెనీయే ఈ వంటకాన్ని ప్రచారంలో పెట్టింది, అప్పటినుంచి ఇంటింటికీ ఒక పద్ధతి తయారైంది.

ఇవాళ రివ్యూ చేస్తున్నది దీని గ్లూటెన్ ఫ్రీ రకాన్ని. ఒకటి ఓవెన్‌లో చేసింది, ఒకటి మైక్రోవేవ్‌లో చేసింది, ఇంకోటి మన కరివేపాకూ కారమూ వేసి చేసింది. రుచి సంగతి తర్వాత. ముందు షాపింగ్ గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఇందులో చిక్కంతా షాపులోనే ఉంది. వంటింట్లో పని చాలా తేలిక.

మా వీధిలో ఒక చిన్నబాబుకి సీలియాక్ జబ్బు ఉంది. పార్టీల్లో వాడు బల్ల దగ్గరికి రాకముందే వాళ్లమ్మ ఇంటినుంచి తెచ్చిన డబ్బా తీసి చేతిలో పెడుతుంది. వాడు కూడా అందరితో పాటు తినేది ఒకటి చేద్దామని మొదలుపెట్టాను. సీలియాక్ అంటే తెలియనివాళ్లకి: గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఇంకో ధాన్యం) గింజల్లో ఉండే ప్రోటీన్. చపాతీ పిండి సాగేది దాని వల్లే. ఈ జబ్బు ఉన్నవాళ్లు అది తింటే వాళ్ల ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే దానికి వైద్యం. కాబట్టి "ఒక్క ముక్కేగా, ఏం కాదులే, తినమ్మా" అని మనం చుట్టాలకి చేసే బలవంతం ఇక్కడ పనికిరాదు. "గోధుమ పడదు, కడుపుబ్బరం" అనే బాపతు కాదిది.

సరే, షాపుకి వద్దాం. మొదటి పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, చిప్స్ వరుసలో. అక్కడ చెక్స్ మిక్స్ అని రెడీమేడ్ ప్యాకెట్ దొరుకుతుంది. చెక్స్ గ్లూటెన్ ఫ్రీ అని ఎక్కడో విన్నవాళ్లు ఆ ప్యాకెట్ తీసుకెళ్లిపోతారు. తీసుకోకండి. మామూలు "ట్రెడిషనల్" ప్యాకెట్‌లో గోధుమ ఉంది, ప్రెట్జెల్స్ ఉన్నాయి, రై చిప్స్ కూడా ఉన్నాయి. ఆ గుండ్రటి గోధుమరంగు రై చిప్స్ కోసమే ఆ ప్యాకెట్ కొనేవాళ్లు ఉన్నారు, అందులో నేనూ ఒకదాన్ని, కానీ ఈ పనికి అది పనికిరాదు. మనకి కావలసింది సీరియల్ వరుసలో ఉండే పెట్టెలు. అందులోనూ రైస్ చెక్స్, కార్న్ చెక్స్ తీసుకోవాలి. వీట్ చెక్స్ పేరులోనే గోధుమ ఉంది, దాన్ని వదిలేయాలి.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి. రైస్ చెక్స్ అంటే బియ్యమేగా, ఎప్పటినుంచో గ్లూటెన్ ఫ్రీయే అనుకుంటాం. కాదు. 2008 దాకా అందులో తీపి కోసం బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీతో చేసేది, వేసేవాళ్లు. దాన్ని తీసేసి మొలాసిస్, అంటే చెరకు మడ్డిపాకం వేశాకే పెట్టె మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయగలిగారు. బియ్యంతో చేసినదానికీ ఇదే తంటా వచ్చిందంటే చూడండి. మన కార్న్‌ఫ్లేక్స్ మిక్చర్‌కీ ఇదే వర్తిస్తుంది. పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ చాలా వాటిలో బార్లీ మాల్ట్ ఉంటుంది. నూనెలో వేయించే మొక్కజొన్న అటుకులు వేరు, అవి మొక్కజొన్నే.

లేబుల్ చదవడంలో ఒక్క కిటుకు చెప్తాను. అమెరికా చట్టం ప్రకారం గోధుమ ఉంటే ప్యాకెట్ మీద తప్పకుండా రాయాలి. బార్లీకీ రైకీ ఆ నిబంధన లేదు. అందుకని "కంటెయిన్స్ వీట్" అని లేదు కదా అని ధీమాగా ఉండకూడదు. "గ్లూటెన్ ఫ్రీ" అన్న మాటే వెతకండి. ఆ మాట రాయాలంటే గ్లూటెన్ 20 పీపీఎం లోపు, అంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో నిబంధన పెట్టింది. ఇండియాలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన హద్దూ అదే.

ఇప్పుడు సాస్. నాకు ఈ వంటలో అన్నిటికంటే నచ్చింది, అన్నిటికంటే తలనొప్పి పెట్టిందీ ఇదే. అసలు వంటకంలో వూస్టర్‌షైర్ సాస్ వేస్తారు. పుల్లగా, ఉప్పగా, కాస్త తియ్యగా ఉంటుంది. అమెరికాలో అమ్మే లీ అండ్ పెరిన్స్ సీసా మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ మామూలు తెల్ల వినెగర్ వాడతారు. ఇంగ్లండ్‌లో అదే పేరుతో అమ్మే సీసాలో మాల్ట్ వినెగర్ ఉంటుంది, అది బార్లీ నుంచి వచ్చేది. లండన్‌లోనో లీసెస్టర్‌లోనో ఉండి ఈ వీడియో చూసి చేసేవాళ్లు అక్కడి సీసా వెనక తిప్పి చదవండి, ఇక్కడి సంగతి అక్కడికి అతకదు.

ఇంకో విషయం, ఇది గ్లూటెన్‌తో సంబంధం లేనిది గానీ మనవాళ్లకి చాలా ముఖ్యం. ఆ సాస్‌లో ఆంకోవీలు ఉంటాయి. చేపలండీ, చిన్న చేపలు. మన శాకాహారులు ఎంతమంది తెలియక ఆఫీసు పార్టీల్లో గుప్పెళ్లు గుప్పెళ్లు తింటున్నారో! మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడకి ఇది పెట్టబోయి సీసా చదివి ఆగిపోయాను. విచిత్రమేంటంటే ఆ సీసాలో చింతపండు కూడా ఉంటుంది. అంటే సగం పులుపు మన పోపుల డబ్బా పక్కనే ఉందన్నమాట. అందుకని నా శాకాహారం రకంలో చిక్కటి చింతపండు పులుసు ఒక చెంచా, బెల్లం కొంచెం, టమారీ ఒక పెద్ద చెంచా వాడాను. టమారీ అంటే సోయా సాస్ లాంటిదే. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, టమారీల్లో చాలావాటిలో ఉండదు, అయినా సీసా మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉన్నదే తీసుకోండి. వూస్టర్‌షైర్‌తో పోలిస్తే ఘాటు తక్కువ, పులుపు ఎక్కువ. నాకు ఇదే నచ్చింది.

ఇంగువ! దీని గురించి చెప్పకుండా వీడియో ముగిస్తే పాపం తగులుతుంది. మూడో రకంలో తాలింపు వాసన కోసం ఇంగువ వేద్దామని డబ్బా తీశాను. మనం కొనే పొడి ఇంగువ అచ్చమైన ఇంగువ కాదు. అది మరీ ఘాటు కాబట్టి జిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమపిండి. చిటికెడే వేస్తాం, వేసినట్టు కూడా గుర్తుండదు, అందుకే అది ప్రమాదం. బియ్యప్పిండితో చేసి గ్లూటెన్ ఫ్రీ అని రాసినవి ఇప్పుడు ఇండియన్ స్టోర్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. దొరక్కపోతే వెల్లుల్లి పొడితో సరిపెట్టుకోండి, లోటు తెలియదు.

ఇక కొలతలు. అసలు వంటకంలో మూడు రకాల చెక్స్ మూడేసి కప్పులు, పప్పులు ఒక కప్పు, ప్రెట్జెల్స్ ఒక కప్పు, బేగల్ చిప్స్ (బేగల్ అనే గుండ్రటి రొట్టెని పల్చగా కోసి కాల్చిన ముక్కలు) ఒక కప్పు. మనం గోధుమ చెక్స్ తీసేసి రైస్ చెక్స్ నాలుగున్నర, కార్న్ చెక్స్ నాలుగున్నర కప్పులు వేస్తాం. ప్రెట్జెల్స్ గ్లూటెన్ ఫ్రీవి కొనాలి. ధర ఎక్కువే, కానీ ఇందులో డబ్బు పెట్టదగ్గది అదొక్కటే. మామూలు ప్రెట్జెల్ కంటే కరకరలాడతాయి, నిజం. బేగల్ చిప్స్ స్థానంలో నేను ఫూల్ మఖానా వేశాను. మఖానా సాస్‌ని బాగా పీల్చుకుంటుంది, నమిలితే లోపలిదాకా రుచి ఉంటుంది. కొంతమంది చీరియోస్ అనే ఇంకో సీరియల్ కూడా కలుపుతారు. అది ఓట్స్. పెట్టె మీద గ్లూటెన్ ఫ్రీ అనే ఉంటుంది, కానీ సీలియాక్ ఉన్నవాళ్లలో కొందరికి శుభ్రమైన ఓట్స్ కూడా పడవు. వచ్చే అతిథి ఎవరో తెలియనప్పుడు ఎందుకు వచ్చిన గొడవ, వదిలేశాను.

వెన్న 6 పెద్ద చెంచాలు, అంటే దాదాపు 85 గ్రాములు. కరిగించి అందులో వూస్టర్‌షైర్ సాస్ రెండు పెద్ద చెంచాలు, ఉప్పు, వెల్లుల్లి పొడి ముప్పావు చెంచా, ఉల్లి పొడి అర చెంచా. ఈ వంటకంలో "సీజన్డ్ సాల్ట్" అని ఒకటి అడుగుతారు. దానికోసం సీసా కొనక్కర్లేదు. ఉప్పు, చిటికెడు పంచదార, పాప్రికా (ఘాటు తక్కువగా ఉండే మిరపపొడి), పసుపు కలిపితే దగ్గర దగ్గరగా అదే. పొడి మిశ్రమాన్ని పెద్ద ట్రేలో పరిచి, సాస్‌ని ఒకేచోట కుమ్మరించకుండా సన్నగా తిప్పుతూ పోసి కలపాలి. 250 ఫారెన్‌హీట్‌లో, అంటే 120 సెల్సియస్‌లో గంటసేపు, పావుగంటకోసారి కలుపుతూ. తొందరపడి 350 పెట్టారంటే వెల్లుల్లి చేదెక్కుతుంది, చెక్స్ అంచులు మాడతాయి. ఇక్కడ వేయించడం కంటే సాస్‌లోని తడి ఆరడం ముఖ్యం, అందుకే ఆ చిన్న వేడి.

మైక్రోవేవ్ పద్ధతిలో 5, 6 నిమిషాల్లో అయిపోతుంది, రెండేసి నిమిషాలకి ఆపి కలపాలి. ఈ గిన్నె అదే. చూడండి, ఈ ముక్క ముదురుగా ఉంది, పక్కన ఉన్నది తెల్లగా ఉంది. చేసిన రోజు పర్లేదు. మర్నాటికి రైస్ చెక్స్ మెత్తబడింది. హఠాత్తుగా చుట్టాలొస్తే సరే గానీ, డబ్బాల్లో పెట్టి పంచడానికైతే నేను సిఫార్సు చేయను.

ఓవెన్‌ది ఇది. వినండి చప్పుడు. గోధుమ చెక్స్ లేని లోటు ఉందా అంటే, కొంచెం ఉంది. ఆ కాల్చిన రొట్టె లాంటి వాసన రాదు. కార్న్ చెక్స్ తీపి కాస్త ముందుకొస్తుంది. అందుకే ఈసారి ఉప్పు కాదు, పులుపు పెంచండి.

మూడోది, కారం రకం. వెన్న బదులు నెయ్యి, పైన చెప్పిన చింతపండు సాస్, కారం ఒక చెంచా, జీలకర్ర పొడి, పల్లీలు, పుట్నాల పప్పు. కరివేపాకు మొదట్లోనే వేయకండి, కడిగి బాగా ఆరబెట్టి చివరి పావుగంటలో వేస్తే పచ్చగా ఉండి గలగలలాడుతుంది. మూడింటిలో నా ఓటు దీనికే, మొహమాటం లేకుండా చెప్తున్నాను. మా ఆయన మాత్రం క్రిస్మస్‌కి క్రిస్మస్ రుచే ఉండాలని ఓవెన్‌దే తింటున్నారు. ఒక జాగ్రత్త: పప్పులూ పల్లీలూ ప్యాక్ చేసేచోటే గోధుమలూ ప్యాక్ చేస్తుంటారు, పప్పులో గోధుమ గింజ కనిపించడం మనకి కొత్త కాదు. "మే కంటెయిన్ వీట్" అని రాయడం ఇక్కడ కంపెనీల ఇష్టం, తప్పనిసరి కాదు. కాబట్టి బాబు కోసం చేసిన దాంట్లో గ్లూటెన్ ఫ్రీ ముద్ర ఉన్న పల్లీలే వేశాను, విడిగా గోతాల్లోంచి తూచి ఇచ్చేవి అసలు వద్దు.

వంటింటి సంగతి. ట్రే మీద ఫాయిల్ పరవండి. రోజూ చపాతీ పిండి తగిలే చెక్క గరిటె వద్దు, స్టీలు గరిటె శుభ్రంగా కడిగి వాడండి. ముందు ఇది చేసి మూత పెట్టేశాకే కుకీల మైదా తీయండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయాలి, వేడి మీద మూత పెడితే ఆవిరికి మెత్తబడుతుంది. గాలి చొరబడని డబ్బాలో రెండు వారాలు ఉంటుంది, ఉంచనిస్తే.

పార్టీలో పెద్ద గిన్నెలో పెట్టి వదిలేయకండి. కుకీ తిన్న చెయ్యే ఇందులోకీ వస్తుంది, మీరు పడ్డ శ్రమంతా అక్కడితో పోతుంది. చిన్న చిన్న కవర్లలో కట్టి, వేసినవన్నీ చీటీ మీద రాసి అంటించండి. పల్లీలు, జీడిపప్పు ఉంటే అవి కూడా పెద్దక్షరాలతో రాయండి, నట్స్ పడని పిల్లలూ ఉంటారు. వాడిన సీసాల, పెట్టెల లేబుళ్లు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. సీలియాక్ ఉన్న పిల్లల అమ్మానాన్నలు తప్పకుండా అడుగుతారు. అడిగితే చిన్నబుచ్చుకోకుండా ఫోన్ ఇచ్చేయండి, వాళ్లు తీరిగ్గా చదువుకుంటారు.