వెబ్‌క్యామ్ తలకిందులుగా చూపిస్తోందా? ముందు డ్రైవర్ సంగతి చూడండి

అందరికీ నమస్తే, వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. గాజువాకలో ఉంటున్న మా నాన్నగారు పోయిన నెల ఫోన్ చేశారు. "ఒరేయ్, వీడియో కాల్‌లో ఫ్యాను కింద తిరుగుతోందిరా, నేను పైనుంచి వేలాడుతున్నాను" అని ఒకటే టెన్షన్. అంతకుముందు రోజే ఆయన పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్ళీ వేయించాం. అసలు కారణం అదే.

కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో కెమెరాను తలకిందులుగానే బిగించారు. కంపెనీ ఇచ్చిన డ్రైవర్, అంటే కెమెరాను విండోస్‌తో పని చేయించే చిన్న సాఫ్ట్‌వేర్, ఆ బొమ్మను తిప్పి చూపించేది. విండోస్ కొత్తగా వేస్తే దానితో వచ్చే మామూలు డ్రైవరే పడుతుంది. కెమెరా తిరగేసి ఉందని దానికి తెలీదు. అంటే కెమెరా పాడవలేదు, మార్చాల్సిన పనీ లేదు.

నేను మూడు పద్ధతులు వాడి చూశాను. జూమ్‌లో సెట్టింగ్స్, వీడియోలోకి వెళ్ళి, ప్రివ్యూ మీద మౌస్ పెడితే రొటేట్ బటన్ వస్తుంది. రెండుసార్లు నొక్కితే బొమ్మ నిలబడుతుంది. కానీ అది జూమ్ వరకే.

రెండోది ఓబీఎస్, వీడియో రికార్డింగ్, లైవ్‌లకు వాడే సాఫ్ట్‌వేర్, ఉచితం. కెమెరాను సోర్స్‌గా పెట్టి, రైట్ క్లిక్, ట్రాన్స్‌ఫామ్, రొటేట్ 180. తర్వాత స్టార్ట్ వర్చువల్ కెమెరా నొక్కి, గూగుల్ మీట్‌లో ఆ వర్చువల్ కెమెరాను ఎంచుకోవాలి. ఇక్కడ ఫ్లిప్ వర్టికల్ నొక్కకండి. తల పైకొస్తుంది గానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. కెమెరా ముందు తెలుగు పేపరు పట్టుకుంటే అక్షరాలు చెప్పేస్తాయి. జూమ్‌లో ఇలా చూసేటప్పుడు మాత్రం మిర్రర్ ఆప్షన్ తీసేయండి, అది మీకు మాత్రమే అద్దంలా చూపిస్తుంది. ఓబీఎస్ బాగుంది, కానీ ప్రతి కాల్‌కీ ముందు దాన్ని తెరవాలి. డెబ్బై దాటిన మనిషికి ఆ పని పెట్టలేను.

అందుకే నా ఓటు డ్రైవర్‌కే. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో కెమెరా ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ (అంతకుముందున్న డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళే బటన్) చూడండి. అది నొక్కడానికి రాకపోతే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లోనే వెతకండి. "అన్ని డ్రైవర్లూ ఒకేచోట" అనే సైట్ల జోలికి దయచేసి వెళ్ళకండి. మాకు దొరికింది పాత విండోస్‌కి ఇచ్చిన డ్రైవరే, అయినా పని చేసింది. ఆ రాత్రే నాన్నగారు సింగపూర్‌లో ఉన్న చెల్లితో మాట్లాడారు, ఫ్యాను పైనే తిరిగింది.