అజ్ఞాతం నుంచి అన్‌నోన్ దాకా

అందరికీ నమస్కారం.

హ్యాపీకి అన్‌హ్యాపీ, కరెక్ట్‌కి ఇన్‌కరెక్ట్. స్కూల్లో అందరం బట్టీపట్టినవే. దేనికి ‘అన్’, దేనికి ‘ఇన్’ అని అడిగితే, గుర్తుపెట్టుకోవడమే అనేవారు మాస్టార్లు. అసలు సంగతి ఏమిటంటే, ‘అన్’ ఇంగ్లిష్ సొంత సొత్తు. ‘ఇన్’ లాటిన్‌ది, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటల వెంట, ఆ తర్వాత పండితుల రాతల వెంట వచ్చి చేరింది. ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్ కూడా ఆ ‘ఇన్’ వేషాలే. పక్కనున్న హల్లును బట్టి మారిపోయింది, మన సంధుల్లోలాగే.

గ్రీకులో ‘కాదు’ అనడానికి హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. ఎక్కడో విన్నట్టుంది కదూ? ధర్మం, అధర్మం; అర్హత, అనర్హత. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ అన్నాడు. ఆ మూలభాషలో ‘న్’ ఒక్కటే, అచ్చు సాయం లేకుండా, ‘కాదు’ అని చెప్పేది.

ఒక్క ధాతువు చూడండి. సంస్కృతంలో ‘జ్ఞా’, అంటే తెలియడం. దాని నుంచి అజ్ఞాతం. ఇంగ్లిష్‌లో అదే ‘నో’ (know). స్పెల్లింగులో మిగిలిన ఆ ‘కె’ ఒకప్పుడు పలికేదే. దాని నుంచి అన్‌నోన్. లాటిన్ దారిలో ఇగ్నొరెంట్. గ్రీకు సరుకుతో 1869లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ కట్టిన మాట ఆగ్నాస్టిక్, అంటే దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు. నాలుగు మాటలు, ఒకే ధాతువు, ముందు ఒకే ‘కాదు’. అమృతం, ఇమ్మోర్టల్, గ్రీకు దేవతల ఆహారం ఆంబ్రోసియా కూడా ఇలాంటి అన్నదమ్ములే. నాకైతే ఏ పురాణకథకూ తీసిపోదు ఇది.

అయితే ‘అన్’ కనబడ్డ చోటల్లా మోసపోకండి. అన్‌లాక్‌లో ఉన్నది వేరే ‘అన్’. అది కాదనదు, చేసినదాన్ని వెనక్కి తిప్పుతుంది. దాని చుట్టం గ్రీకు ‘యాంటీ’. ఇన్‌ఫ్లేమబుల్ మరీ ప్రమాదం: అందులో ‘ఇన్’ అంటే ‘లోకి’. అంటే మంట అంటుకునేదనే. అంటుకోదనుకునేవాళ్లు ఉంటారని భయపడే, భద్రతా నిపుణులు హెచ్చరికల మీద ‘ఫ్లేమబుల్’ అని రాయించారు.

మరి తెలుగు? తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో కంపెనీ అధికారి ఎల్లిస్ దొర చూపించాడు. మన ‘కాదు’ ముందు రాదు, వెనకే వస్తుంది. చేస్తాడు, చేయడు, తెలుసు, తెలియదు. ‘అ’ను సంస్కృత పదాలతో పాటే తెచ్చుకున్నాం, వాటికే వాడుతున్నాం. అందుకే ‘అవివాహితుడు’ అంటాం గానీ ‘అపెళ్లివాడు’ అనం. వాడు పెళ్లికానివాడే.