పడవ ఇసుకతో చెయ్యండి, పేరు రాతి మీద చెక్కండి
(గోపాల్‌పూర్ తీరంలో సైకత శిల్ప శిబిరం ప్రారంభ ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఇసుకలో కూర్చున్న అమ్మలకు, తమ్ముళ్లకు నమస్కారం. శాలువాలకే పావుగంట పోయింది. పోటు మొదలయ్యేలోపు ముగించాలి గనక సూటిగా పనిలోకి వస్తాను. సముద్రంలో పోయినవాళ్ల గుర్తుగా ఇసుకతో పడవ చేసి, పక్కన వాళ్ల పేర్లతో ఒక పలక పెట్టడమే మన పని.

2015 సెప్టెంబరులో టర్కీ ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా పసివాడు అలన్ కుర్దీని మన సుదర్శన్ పట్నాయక్ పూరీ ఇసుకలో మలిచారు. 2016 ఫిబ్రవరిలో చైనా కళాకారుడు ఐ వేవే బెర్లిన్ కచేరీ భవనం స్తంభాలకు 14,000 లైఫ్ జాకెట్లు కట్టారు. లెస్బోస్ దీవికి చేరిన వలసజనం విడిచినవవి. మధ్యధరా సముద్రంలో 2014 నుంచి పోయినవాళ్లు, లెక్కకు దొరికినంతలోనే, 30 వేలు దాటారు. మన వైపు సంగతీ చూడండి: 2023లో బంగాళాఖాతం, అండమాన్ సముద్రాల్లో చనిపోయిన, గల్లంతైన రోహింగ్యాలు 569 మందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. గంజాం తెలుగువాళ్లు రంగూన్ స్టీమరెక్కిన రేవు ఇది. సముద్రం దాటి బతుకుదెరువుకు పోవడం మనకు కొత్తేమీ కాదు.

సరే, పడవ. ఎండిన నాచు, పుల్లలు వరసగా పడి ఉన్న చోటు చూడండి, నిన్నటి పోటు అక్కడే ఆగింది. దానికి బాగా పైన మొదలుపెట్టాలి, అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా పైన. ఎనిమిది బకెట్ల ఇసుకకు ఒక బకెట్ నీళ్లు. అడుగు లేని చెక్కపెట్టెలో అరడుగు చొప్పున పోసి, ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టండి. ఒక్కసారే నింపేస్తే పైన గట్టి, లోపల గుల్ల; పెట్టె తీయగానే నడుం దగ్గర జారిపోతుంది. చెక్కడం పైనుంచి కిందికే. కింద ముందు చెక్కితే పైనుంచి రాలే ఇసుక చేసిన పనంతా పాడుచేస్తుంది. పడవ అంచు జానెడు మందం ఉంచి, లోపలివైపు వాలుగా కోయండి. నీడ పడి దూరానికి పల్చగానే కనిపిస్తుంది. గాలికి ఆరకుండా స్ప్రేయరుతో సన్నగా తడపాలి. పురుగుమందు కొట్టిన స్ప్రేయరు వద్దు బాబూ!

రంగుల గురించీ చెబుదామనుకున్నాను గానీ, వెనిస్ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. 2015 ఏప్రిల్ 18న మధ్యధరాలో వందలమంది వలసజనంతో మునిగిన ఓడనే 2019లో అక్కడి కళా ప్రదర్శనలో ఒడ్డున నిలబెట్టారు. చేయించింది క్రిస్టోఫ్ బ్యూషెల్ అనే కళాకారుడు. పక్కన వివరాల పలక లేదు, కాఫీ దుకాణం మాత్రం ఉంది! అంత ఓడ తెచ్చినవాళ్లకు ఒక పలక బరువైందా? జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. తెలియక దిగారు, వాళ్లను అనను.

అందుకే పలక మాట మళ్లీ చెబుతున్నాను. పడవ రేపటికి పోతుంది, పోనివ్వండి. పలక నల్లరాతిది కావాలి. ఇనుము ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, రంగు వెలిసిపోతుంది, లోతుగా చెక్కిన అక్షరం నిలుస్తుంది. ఒడియా, తెలుగు రెండూ ఉండాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, పడవ నంబరు, ఆఖరుసారి కనిపించిన తేదీ. పేరు తెలియని శవమైతే పచ్చబొట్టు, మొలతాడు, చొక్కా రంగు. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు.

ఒక్క మాట జాగ్రత్త. ఇంటివాళ్లను అడగకుండా ఎవరి పేరూ చెక్కొద్దు. అడిగాక కూడా ‘మృతి’ అని రాయొద్దు, ‘గల్లంతు’ అనే రాయండి. తెలియాల్సినవాళ్లకు ఏడేళ్లు ఆచూకీ తెలియకపోతే గానీ చట్టం మామూలుగా మనిషి పోయాడని భావించదు. అమ్మా, ఆ ఏడేళ్లూ కాగితాల కోసం తిరిగే ఆడమనిషి ముందు, మీ మొగుడు చచ్చాడని రాయి మీద మనం చెక్కుతామా? వరసల మధ్య ఖాళీ కూడా వదలండి, తరవాత చేర్చడానికి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో రుషికుల్య నది మొగ దగ్గర ఎవరైనా చేయబోతే రాత్రి దీపాలు పెట్టొద్దు, గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్లు బెదిరిపోతాయి. మన పని పగలే.

అదిగో, అల తడి గీత దాటింది. దిమ్మిసలు ఆ వేపచెట్టు కింద ఉన్నాయి, లేవండి.